తేలిన బరువు

మోకాళ్ల నొప్పులని వెళితే ఎముకల వైద్యుడు నన్ను ముందుగా తూకం యంత్రం ఎక్కించారు. ముల్లు 94 దగ్గర ఆగింది. ఈ ఒంటితో పరుగెత్తితే ఉన్న మోకాళ్లు కూడా మిగలవనీ, మెడలోతు నీళ్లలో మనిషి బరువులో సుమారు పదో వంతే కాళ్లపై పడుతుంది కనుక ఈతను మించిన దారి లేదనీ ఆయన సెలవిచ్చారు. అంటే నీళ్లలో నేను ఏడాది పిల్లవాడంత బరువన్నమాట! ఆ ఊహకే నాకు సగం నొప్పి తగ్గింది.

చిన్నప్పుడు వీపుకు మునగ బెండ్లు కట్టుకుని గోదావరి కాలువలో ఈత నేర్చినవాణ్ని కాబట్టి ధైర్యానికి లోటు లేదు. చిక్కల్లా టోపీ దగ్గర వచ్చింది. పట్టుమని పాతిక వెంట్రుకలు లేని తలకు రబ్బరు టోపీ ఎందుకని వాదించాను కానీ, నిబంధన తలకే గానీ వెంట్రుకలకు కాదని ఈతకొలను గుమాస్తా తేల్చేశాడు.

25 మీటర్ల కొలనును రెండుసార్లు ఈదేసరికి ఆయాసం వచ్చి వెల్లకిలా తిరిగాను. మోసం అక్కడే జరిగింది. కొవ్వు నీటికన్నా తేలిక. ఆర్కిమిడీస్ సూత్రాన్ని నా పొట్ట చదవకుండానే పాటించింది. బక్కపలచనివాళ్లు మునగకుండా ఉండటానికి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఉన్న కాస్త కొవ్వునూ ఖర్చు చేసుకుంటూ ఉంటే, కరగవలసిన నా కొవ్వు మాత్రం నన్ను పనసకాయలా తేల్చి, ఉయ్యాల ఊపి, నిద్రపుచ్చింది.

పొట్ట మీద చేతులు పడినట్లయి కళ్లు తెరిస్తే, ఏడు గంటల పిల్లల బ్యాచ్ అప్పటికే నీళ్లలోకి దిగిపోయింది. కుడివైపు ఇద్దరు, ఎడమవైపు ఒకడు నన్ను పట్టుకుని టపటపా కాళ్లు కొడుతున్నారు. లేవబోయాను. "అంకుల్, కదలకండి, మునిగిపోతాం!" అని ఒకేసారి కేక వేశారు. ఆ లోతు వాళ్ల నడుముకు మించదని తర్వాత తెలిసింది. గట్టు మీది కోచ్ ఈల నోట్లోంచి తీసి, "సార్, ఇంకో పది నిమిషాలు అలాగే ఉండండి, పిల్లలు పట్టుకుని తేలే బోర్డులు తక్కువగా ఉన్నాయి" అని బతిమాలాడు. మునగ బెండ్ల రుణం ఇలా తీరుతుందని నేను ఏనాడూ అనుకోలేదు.

ఒంటి వేడిని లాగేయడంలో గాలికన్నా నీరు ఇరవై రెట్లకు పైగా చురుకైనది కావటాన, కదలకుండా గంటసేపు నానినవాడికి వేసే ఆకలి అంతా ఇంతా కాదు. గేటు ఎదురుగానే టిఫిన్ బండి ఉంది. అరగంట నిజంగా ఈదినా, కరిగిన కేలరీలు నాలుగు మైసూరు బజ్జీలతో తిరిగి వచ్చేస్తాయి. నేను ఈదనూ లేదు, నాలుగుతో ఆగనూ లేదు.

నెల తిరిగేసరికి ముల్లు 96 చూపింది. వైద్యుడు కళ్లజోడు సవరించుకుని, "రోజూ వెళుతున్నారా, మధ్యలో మానేశారా?" అని అడిగారు.

"మానడానికి వీల్లేదండీ, పిల్లలు బెంగపెట్టుకుంటారు. పైగా వచ్చే నెల నుంచి నాకు రుసుము కూడా అక్కర్లేదన్నారు" అన్నాను.