ప్రతిసారీ అదే ప్రశ్న
విజయనగరం గంటస్తంభం దగ్గర మాది జిరాక్స్ షాపు, కంప్యూటర్‌లో ఉన్నది విండోస్. బిల్లుల సాఫ్ట్‌వేర్ అడ్మినిస్ట్రేటర్‌గా (అంటే పూర్తి అధికారాలతో) తెరిస్తేనే నడుస్తుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' టిక్ పెట్టాను, గొడవ వదిలిందనుకున్నా. ఎక్కడ వదిలింది! నొక్కిన ప్రతిసారీ స్క్రీన్ మసకబారి యెస్సా నోనా అని అడుగుతుంది, ఇవతల పార్వతీపురం బస్సు అందుకోవాల్సిన పెద్దాయన ఆధార్ కాపీ చేత్తో పట్టుకుని "అయిందా బాబూ" అని మూడోసారి అడుగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన, ఇలా అనుమతి అడిగే ఈ కాపలా మన మంచికే, కాదనను.

కానీ అలా తెరిచిన ప్రోగ్రామ్‌లోకి ఫోల్డర్ నుంచి ఫైలు లాగి వదిలితే పడదు, పక్క కంప్యూటర్‌ది నెట్‌వర్క్ ద్వారా ఇక్కడికి కలుపుకున్న (మ్యాప్ చేసుకున్న) జెడ్ డ్రైవ్ అందులో కనిపించనే కనిపించదు, నేనేమో కేబుల్ పోయిందనుకుని రెండు రోజులు వైర్లు మార్చి మార్చి చూశాను. చివరికి విండోస్‌లో పనుల్ని వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో 'రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్' టిక్ పెట్టి ఒక టాస్క్ చేసి, దాన్ని నడిపే షార్ట్‌కట్ పెట్టుకుంటే ఆ ప్రశ్న ఆగింది. డ్రైవ్ బాధ అలాగే ఉంది. అసలు ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మన బిల్లుల డేటాని, అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేనిదే రాయనివ్వని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా యూజర్ ఫోల్డర్‌లో పెట్టి ఉంటే నాకు ఈ టిక్కే అక్కర్లేదు కదా!