అప్పు ఆమె పేరున, పట్టా ఆయన పేరున

మా కొండపి వైపు ఏ ఇంట్లో అడిగినా ఒకటే మాట. "మా ఆడోళ్లకేం పనండీ, ఇంట్లోనే ఉంటారు." వినీ వినీ ఒళ్లు మండిపోతోంది.

పొగాకు కోతలప్పుడు బ్యారన్ దగ్గరికి, అదే పచ్చి ఆకును వేడికి కాల్చి ఆరబెట్టే కొట్టం దగ్గరికి, పోయి చూడండి. తెల్లారకముందే వంట ముగించుకొని వచ్చి, కర్రలకు ఆకు అల్లుతూ కూర్చునేది వాళ్లే. కాలిన ఆకును రంగు చూసి, మచ్చ చూసి గ్రేడు వేరు చేసేదీ వాళ్లే. పసరు పట్టిన వేళ్లు ఎంత రుద్దినా తెల్లబడవు. మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే చేదు. వేలంలో పొగాకు బేలుకు (కట్టకు) మంచి ధర పలకాలంటే ఆ గ్రేడింగు బాగుండాలి. డబ్బు మాత్రం పడేది ఆయన ఖాతాలో. సొంత పొలమైతే ఆమెకు కూలి కూడా లెక్కకట్టరు.

ఇంటిపని సంగతి సరేసరి. 2024 జాతీయ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది డ్వాక్రా లోను. సంతకం ఆమెది. డబ్బు వచ్చిన రోజే ఆయన కౌలుకో, బోరుకో పోతుంది. బోరులో నీళ్లు పడకపోయినా కిస్తీ ఆగదు. గేదె పాల బిల్లులోంచి, మిరపకాయల కూలిలోంచి కట్టేది ఆమే. ఒక్క నెల తప్పితే గ్రూపులో అందరి ముందూ తలదించుకునేదీ ఆమే. ఆ డబ్బుతో కౌలు పోయి సొంత పొలం అమిరిందే అనుకోండి, పాసుపుస్తకం మీద ఫొటో ఆయనది!

డబ్బు విలువ మన ఆడవాళ్లకు ఒకరు నేర్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారూ తోటి ఆడవాళ్లూ సారాకు అడ్డం తిరిగారు. కూలి డబ్బు ఎటు పోతోందో వాళ్లకు తెలుసు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. ఇన్నేళ్ల ఆ పొదుపు ఎంతమంది పేరున సెంటు భూమైనా అయింది?

పుట్టింటి సంగతీ అంతే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. ఇప్పటికీ "కట్నం ఇచ్చాంగా" అని చెప్పి సంతకం పెట్టించుకుంటున్నారు.

మొగుడూ పెళ్లాల మధ్య లెక్కలేంటని కొందరు నా మీదకు వస్తారు. మరి కిస్తీ రోజున ఆ మాట ఎందుకు గుర్తుకు రాదు? అక్కల్లారా, ఈసారి లోను తీసుకుంటే ముందే మాట తీసుకోండి. దాంతో కొనేది గేదెయినా, స్థలమైనా రసీదులో, రిజిస్ట్రేషన్‌లో మీ పేరుండాలి. కుదరదంటే ఆ అప్పేదో ఆయన పేరునే తెచ్చుకోమనండి.