బంగారు పార, పుచ్చిన టై

అమెరికాలో మా ఊరి వారపత్రిక మొదటి పేజీలో ఒక ఫొటో వచ్చింది. ఏడుగురు పెద్దమనుషులు ఏడు పారలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పారలకు బంగారు రంగు. తలల మీద హెల్మెట్లు, వాటికి కొట్టువాడు అంటించిన ధర స్టిక్కర్లు ఇంకా ఊడలేదు. ఎదురుగా ఇసక కుప్ప. కింద వార్త: మా ఊరి చిన్న రైల్వేకు కేంద్ర ప్రభుత్వ గ్రాంటు మంజూరైన సందర్భంగా చారిత్రాత్మక భూమిపూజ.

ఆ కాగితాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించుకున్నాను. మూడు వారాలుగా పాలు తీసినప్పుడల్లా చూస్తున్నాను, చూసినప్పుడల్లా పాలు విరిగిపోతాయేమో అని భయమేస్తోంది.

సందేహమొక్కటే. పని ఏమిటంటే, పట్టాల కింద పుచ్చిపోయిన దుంగలు లాగేసి కొత్తవి పెట్టడం. దానికి భూమి తవ్వడమెందుకు? పట్టాలు వందేళ్ల నుంచీ అక్కడే ఉన్నాయి. శంకుస్థాపన ఎప్పుడో ముత్తాతల కాలంలో అయిపోయింది. కప్పు కారుతోందని రెండు పెంకులు మార్చుకునేవాడు ఎవడైనా మళ్లీ గృహప్రవేశం పెట్టుకుంటాడా? ఇక ఆ ఇసక విషయం. కాన్సస్ రాష్ట్రంలో గోధుమ చేల మధ్య ఊరు మాది. ఫొటోలో పారలు సులువుగా దిగాలని ఇసకను లారీలో తెప్పించారు. రైల్లో తెప్పించలేదు. రైలు మీద ఆపాటి నమ్మకం వాళ్లకీ లేదన్నమాట.

మనం స్లీపర్ అనేదాన్ని ఇక్కడ టై అంటారు. మెడకు కట్టుకునేదీ టైయే, పట్టా కింద వేసేదీ టైయే. ఫొటోలో మెడల్లో టైలు ఏడూ కొత్తవి. పట్టాల కింద టైలు మైలుకు సుమారు 3,000 ఉంటాయి. మా ఊరి లైనులో వాటిమీద పుట్టగొడుగులు మొలుస్తాయి. ఈ రెండు రకాల టైలూ ఒకే ఫొటోలో పడకుండా తీసిన ఫొటోగ్రాఫర్‌కు చేతులెత్తి దండం పెట్టాలి.

రైలు సంగతి చెప్పకపోతే మీకీ వైభవం అర్థం కాదు. ఇక్కడి కేంద్ర రైల్వే శాఖ పట్టాలకు తరగతులు పెట్టింది. అట్టడుగు ఒకటో తరగతి పట్టా మీద సరుకు రైలు గంటకు 10 మైళ్లు మించకూడదు. ఆ ఒకటో తరగతి కూడా పాసవలేని పట్టా ఉంటే? దాన్ని ‘మినహాయింపు పట్టా’ అని రాసుకోవచ్చు. అప్పుడు చాలా ప్రమాణాలు దానికి వర్తించవు. మనుషుల్ని ఎక్కించకూడదు, ప్రమాదకరమైన సరుకున్న పెట్టెలు అయిదుకు మించకూడదు, వేగం మాత్రం అదే 10 మైళ్లు. పిల్లవాడు తప్పుతున్నాడని పరీక్షే ఎత్తేసిన బడి అన్నమాట. 

10 మైళ్లంటే ఎంతో శాస్త్రీయంగా చెబుతాను. 2023లో కెల్విన్ కిప్టమ్ అనే కెన్యా కుర్రాడు చికాగోలో మారథాన్‌ను 2 గంటల 35 సెకన్లలో పరిగెత్తాడు. గంటకు 13 మైళ్లు. అంటే అమెరికా రైళ్లకు కూడలి అయిన నగరంలో ఒక మనిషి బూట్లేసుకుని మా ఊరి డీజిల్ ఇంజన్‌ను ఓడించాడు.

కిందటేడు అమ్మ కాకినాడ నుంచి వచ్చింది. కూరగాయలకు తీసుకెళ్తుంటే గేటు దగ్గర ఎర్రదీపం పడింది. గోధుమ పెట్టెలతో రైలు వస్తోంది. వస్తోంది. ఇంకా వస్తూనే ఉంది. అమ్మ విష్ణుసహస్రనామం మొదలుపెట్టింది. ఇంజన్ గేటు దాకా వచ్చేసరికి నాలుగు వందల నామాలు దాటాయి. ఇంతలో రైలు ఆగింది. ఒకాయన దిగాడు. నడుచుకుంటూ ముందుకెళ్లి, వంగి, పట్టాల కిందకి తొంగిచూశాడు. తల గోక్కున్నాడు. బూటుతో ఒక టైని తట్టాడు. అది పొడిపొడిగా రాలింది. ఆయన వెనక్కి తిరిగి ఇంజన్లో ఉన్నాయనకు చెయ్యి ఊపాడు, మెల్లగా రమ్మని. అంతకంటే మెల్లగా ఎలా రావాలో పాపం డ్రైవరుకు తెలియలేదు.

“ఒరే నాన్నా, ఇదేనా అమెరికా?” అంది అమ్మ.

“ఇదీ అమెరికాయేనమ్మా.”

“మన కోటిపల్లి రైలుబస్సు నయం కదరా!”

నేను నోరెత్తలేదు. సహస్రనామం పూర్తయింది. ఫలశ్రుతి కూడా అయింది. ఆఖరి పెట్టె గేటు దాటింది.

ఇది చాలదన్నట్టు, ఈ వృత్తిలో ఉన్నవాళ్లు మామూలుగా వాడే మాట ఒకటుంది: నిలబడి పట్టాలు తప్పడం. కదులుతున్న రైలు కాదండీ. బ్రేకులేసి, ఇంజన్ ఆపి, మనుషులు ఇళ్లకెళ్లిపోయాక, నిలిచి ఉన్న పెట్టె బరువుకు కింద పుచ్చిన టైలు మేకుల్ని వదిలేస్తాయి, పట్టాలు పక్కలకు జరుగుతాయి, చక్రం నింపాదిగా నేల మీదికి దిగుతుంది. నిద్రలో మంచం మీంచి పడ్డ మనిషిని చూశాం. నిద్రలో పట్టాల మీంచి పడ్డ రైలును చూడాలంటే ఈ దేశానికే రావాలి. నిండా గోధుమలు పోస్తే పెట్టెతో కలిపి 2,86,000 పౌండ్లు. ఆ బరువు కలలో కూడా ఊహించని కాలంలో వేసిన సన్నపాటి పట్టాలవి. అవి మాత్రం ఏం చేస్తాయి?

ఇంతకీ ఈ చిన్న రైళ్లు ఎక్కడినుంచి పుట్టాయి? పెద్ద రైల్వేలు విదిలించుకుంటే పుట్టాయి. 1980లో స్టాగర్స్ చట్టం వచ్చి కంపెనీలకు కట్లు విప్పింది. లాభం రాని కొమ్మ లైన్లను అమ్ముకోవడం సులువైంది. అమ్మే ముందు ఏళ్ల తరబడి ఆ లైన్ల మీద పైసా ఖర్చు పెట్టలేదు. ముసలి ఎద్దుకు దాణా మానేసి, డొక్కలు తేలాక సంతకు తోలినట్టు. అలా కొనుక్కున్నవాళ్లతో కలిపి ఇవాళ దేశంలో 600 దాకా చిన్న రైల్వేలున్నాయి. కొన్ని ఒప్పందాల్లో ఇంకో మెలిక కూడా పెట్టారు: లైను నీదే, కానీ పక్కనే ఉన్న వేరే పెద్ద రైల్వేకు సరుకు అందించకూడదు, అందిస్తే జరిమానా. కాగితపు గోడలని ముద్దుగా పిలుచుకుంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెత ఇంగ్లీషువాళ్లకు తెలియదు కాబట్టి ఒప్పందాలుగా రాసుకున్నారు.

ఈ పాపం కడగడానికి వచ్చిన గంగే గ్రాంటు. పేరు కన్సాలిడేటెడ్ రైల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అండ్ సేఫ్టీ ఇంప్రూవ్‌మెంట్స్. పొట్టిగా క్రిసీ. క్రైసిస్ అని పెట్టబోయి చివరి అక్షరానికి నిధులు చాలక ఆపేసి ఉంటారు. 2021 మౌలిక వసతుల చట్టంలో దీనికి ఏడాదికి 100 కోట్ల డాలర్ల చొప్పున అయిదేళ్లకు రాసిపెట్టారు. 2023 సెప్టెంబరులో 70 పనులకు 140 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2024 అక్టోబరు ఆఖర్లో, ఎన్నికలు వారం ఉందనగా, 122 పనులకు 240 కోట్ల పైచిలుకు ప్రకటించారు. ముహూర్తం ఎవరు పెట్టారోగానీ ఘనుడు. చిన్న రైళ్లకు దీంట్లో పెద్ద వాటాయే దక్కింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ప్రకటించారు అన్నాను, ఇచ్చారు అనలేదు. గమనించే ఉంటారు. ప్రకటన తర్వాత పర్యావరణ పరిశీలన, ఒప్పందం మాటలు, స్వదేశీ ఉక్కు నిబంధనలు, సంతకాలు. ఏడాది గడిచిపోవడం మామూలే. 2025లో కొత్త రవాణా మంత్రి షాన్ డఫీ కుర్చీలో కూర్చుని చూస్తే అన్ని రకాల రవాణాకీ కలిపి, ప్రకటించి సంతకం పడని గ్రాంట్లు 3,200 తేలాయి. ఆలు లేదు చూలు లేదు, సోమలింగాలు మాత్రం 3,200 మంది.

దరఖాస్తు మరో పురాణం. చెడిపోయిన టై తీసి అదే చోట మంచి టై పెడితే లోకానికి ఎంత లాభమో డాలర్లలో లెక్కగట్టి చూపించాలి. తగ్గిన లారీ పొగ ఇంత, తప్పిన ప్రమాదాలు ఇన్ని, వాటిని నేటి విలువకు మారిస్తే ఇంత. పదిమంది పనిచేసే రైల్వేలో ఈ లెక్క ఎవరు వేస్తారు? టైని బూటుతో తట్టిన ఆయనా? అందుకని కన్సల్టెంటును పెట్టుకోవాలి. కన్సల్టెంటుకిచ్చే డబ్బుతో ఎన్ని టైలు వస్తాయన్న లెక్క మాత్రం ఏ దరఖాస్తులోనూ అడగరు. పైగా ఖర్చులో కనీసం 20 శాతం అవతలివాడు తెచ్చుకోవాలి.

మరి కన్సల్టెంట్లను తేలిగ్గా పెట్టుకోగల ‘చిన్న’ రైల్వేలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. జెనెసీ అండ్ వయోమింగ్ అనే కంపెనీ కింద చిన్న రైల్వేలు వందకు పైనే. 2019లో కెనడా పెట్టుబడుల కంపెనీ బ్రూక్‌ఫీల్డూ, సింగపూర్ ప్రభుత్వ నిధీ కలిసి 840 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నాయి. ఆ వందలో ఒక్కొక్కటీ విడిగా చిన్నదే. గ్రాంటు వరసలో మా ఊరి పదిమంది రైల్వే పక్కనే నిలబడొచ్చు. చాలదేమోనని 2021 చట్టం తల్లి కంపెనీలకు కూడా అర్హత కల్పించింది. అంగన్‌వాడీ గుడ్డు కోసం పిల్లల వరసలో సింగపూర్ మామయ్య నిక్కరేసుకుని నిలబడ్డ దృశ్యం ఊహించుకోండి.

పన్ను రాయితీ ఇంకొకటుంది. బాగుచేతకు పెట్టిన ఖర్చులో 40 శాతం (2022 దాకా సగం), మైలుకు 3,500 డాలర్లకు మించకుండా. 2004లో చట్టం చేశారు. ఆ తర్వాత గడువు తీరి చావడం, మళ్లీ బతికించడం, ఇదే తంతు. చివరికి 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు. ఆ 3,500 మాత్రం రెండు దశాబ్దాలుగా చెక్కు చెదరలేదు. ఈ దేశంలో గుడ్డు ధర మారింది, టై ధర మారింది, అధ్యక్షులు మారారు. కూలితో కలిపి టైకి నూరు డాలర్లే అనుకున్నా మైలుకు 35 టైలు. మిగతా దాదాపు మూడువేల టైలు పుచ్చకుండా ఓపిక పట్టాలి.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. గోధుమ కోతలప్పుడు ఎలివేటర్ దగ్గర, అంటే ఇక్కడి ధాన్యం గోదాము దగ్గర, లారీల వరస చూశాక నవ్వు రావట్లేదు. ఒక రైలు పెట్టెలో పట్టే గింజలకు మూడు నాలుగు లారీలు కావాలి. పట్టా పడుకుంటే ఆ లారీలన్నీ ఊరి రోడ్డు మీదికే వస్తాయి. ఆ రోడ్డు ఎవరిది? ఊరిది. దాన్ని బాగుచేయడానికి డబ్బెవరివి? మావి. లారీ కిరాయి ఎలివేటర్‌వాడు ఎక్కడ కోస్తాడు? రైతుకిచ్చే బుషెల్ (ఇక్కడి గింజల కొలత) ధరలో. పెద్ద రైల్వేలు 2010 తర్వాత సొంత షేర్లు కొనుక్కోవడానికీ, డివిడెండ్లకూ 190 బిలియన్ డాలర్లకు పైగా పంచుకున్నాయని అప్పట్లో ఇక్కడి రైలు నియంత్రణ బోర్డు అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ ఓబర్‌మన్ 2021లో మొత్తుకున్నాడు. పాలు పిండుకున్నది వాళ్లు. బక్కచిక్కిన ఎద్దును అంటగట్టింది పల్లెకు. దాణా పెట్టాల్సింది జనం. సరే, పెడతాం, పెట్టాల్సిందే! గ్రాంట్లు వద్దని నేనననే అనను. కానీ కొయ్య పుచ్చడానికి ముహూర్తం చూసుకోదు. అది వానకు పుచ్చుతుంది, మంచుకు పుచ్చుతుంది, ఆదివారాలు కూడా పుచ్చుతుంది. దానికి కావలసింది ఏటేటా వచ్చే నాలుగు రూకలు. మీరిచ్చేది అయిదేళ్లకో జాతర, ఆ జాతరకో ఏడు పారలు. ఆ ఏడుగురిలో ఒకాయన అసలీ చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. సిగ్గుండాలి. పార పట్టుకోవడానికైనా రెండు చేతులు కావాలి గదా, ఓటేసిన చెయ్యి ఎక్కడ దాచుకున్నాడు?

పట్టా ఒకసారి పైకి లేస్తే మళ్లీ కిందకి రావడమెంత కష్టమో కాకినాడవాళ్లకు చెప్పాలా? 1928లో కోటిపల్లికి వేసిన లైనును రెండో ప్రపంచయుద్ధంలో పీకి పట్టుకుపోయారు. తిరిగి రైలు నడిచింది 2004లో. మధ్యలో పుట్టి, పెళ్లాడి, ముసలివాళ్లయి పోయినవాళ్లున్నారు. ఇక్కడ యుద్ధం అక్కర్లేదు, ఒక తడి వసంతం చాలు.

నిన్న ఆ భూమిపూజ చోటికి వెళ్లాను. పారలు లేవు. ఇసక కుప్ప ఉంది, మీద గడ్డి మొలిచింది. గేటు దగ్గర రైలు ఆగి ఉంది. ఆ బూటు ఆయన కుప్ప పక్కన నిలబడి పిడికెడు ఇసక తీసి నలిపి చూస్తున్నాడు. ఎందుకని అడిగాను. చక్రాలు జారకుండా ఇంజన్ నుంచి పట్టా మీద ఇసక చల్లుతారట. గ్రాంటు కింద ఇప్పటిదాకా వచ్చిన సరుకు ఇదొక్కటే కదా, వాడుకుందామని చూశాడు.

“పొడి ఇసక కావాలి,” అన్నాడు చెయ్యి దులుపుకుంటూ. “ఇది తడిసిపోయింది.”