అడవిలో పోయిన ప్రాణాలకూ హోదాల లెక్కేనా?

2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో కార్చిచ్చు ఆర్పడానికి వెళ్లిన సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. బండి దిగీ దిగగానే ఈదురుగాలికి మంటలు చుట్టుముట్టాయని అప్పట్లో వార్తలొచ్చాయి. వాళ్లలో ఒకరు బీట్ అధికారి, ఒకరు ఫైర్ వాచర్, ఒకరు ప్రాంతీయ రక్షక్ దళ్ అనే రాష్ట్ర స్వచ్ఛంద దళం జవాను, ఇంకొకరు దినసరి కూలీ. చేసిన పని ఒక్కటే, వచ్చిన చావూ ఒక్కటే. కొలువుల లెక్కలో మాత్రం నలుగురూ నాలుగు రకాలు. ఉద్యోగి వెనక సర్వీస్ రిజిస్టర్ ఉంటుంది, పింఛను నిబంధనలుంటాయి. కూలీ వెనక మహా అయితే మస్టర్‌లో ఒక వేలిముద్ర.

అటవీ అమరులను ఎలా గౌరవించాలనే చర్చలో ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎవరిని అమరుడంటున్నాం? స్మారక స్తూపం ఎక్కడ కట్టాలి, గౌరవ వందనం ఎవరు స్వీకరించాలి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

మన దేశంలో సెప్టెంబరు 11 జాతీయ అటవీ అమరవీరుల దినం. కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ 2013లో ప్రకటించింది. ఆ తేదీ వెనక ఉన్న కథ మాత్రం అటవీ శాఖది కాదు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో రాజుగారి మనుషులు జమ్మిచెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని చెట్లను పవిత్రంగా చూసే బిష్ణోయీ సమాజానికి చెందిన 363 మంది చెట్లను కావలించుకుని ప్రాణాలొదిలారు. వాళ్లెవరూ యూనిఫాం వేసుకున్నవారు కారు, జీతగాళ్లు అసలే కారు. చంపింది సర్కారు వారి మనుషులు. సర్కారు జరిపే సంస్మరణ దినానికి ఇంతకంటే ఇబ్బందికరమైన మూలం ఉండదు, ఇంతకంటే మంచి మూలమూ ఉండదు. అలాంటి రోజున అమరుల జాబితాలో చేరడానికి నియామక ఉత్తర్వు కొలమానం కాకూడదు.

యూనిఫాంలో పోయినవారిలోనూ మనకు గుర్తుండేది ఒక తరహా చావే. తుపాకీ, స్మగ్లర్, ఎదురునిలిచిన అధికారి. రాజమండ్రిలో పుట్టిన భారత అటవీ సర్వీసు (ఐఎఫ్‌ఎస్) అధికారి పి. శ్రీనివాస్‌ను 1991 నవంబరు 10న వీరప్పన్ ముఠా చంపింది. లొంగిపోతామన్న మాట నమ్మి ఆయన ఆయుధం లేకుండా అడవిలోకి వెళ్లారు. ప్రభుత్వం మరణానంతరం కీర్తి చక్ర ఇచ్చింది. ఆ పతకానికి ఆయన అన్ని విధాలా అర్హులు. అయితే నాకు ఆయన గొప్పతనం ఆ చివరి నడకలో కంటే అంతకుముందు గోపీనాథంలో చేసిన పనిలో ఎక్కువ కనిపిస్తుంది. వీరప్పన్ సొంతూరిలోనే జనానికి ఇళ్లు కట్టించారు, మారియమ్మన్ గుడి కట్టించారు. ఊరు మారితే అడవి నిలుస్తుందని నమ్మిన మనిషిని మనం వీరప్పన్ కథలో ఒక పాత్రగా మిగిల్చేశాం.

విలన్ లేని చావుల సంగతి ఇంకా అన్యాయం. 2021 నవంబరు 20న మహారాష్ట్రలోని తాడోబా-అంధారి పులుల అభయారణ్యంలో ఫారెస్ట్ గార్డు స్వాతి ధుమనే ముగ్గురు సహాయకులతో కలిసి పులుల గణన కోసం ఆనవాళ్లు వెతుకుతూ కాలినడకన వెళుతున్నారు. దూరంగా దారి మీద ఆడపులి కూర్చుని ఉంది. అరగంట దాకా ఆగారు, అది కదల్లేదు. పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లబోతే అది వెనకే వచ్చి ఆమెను ఈడ్చుకుపోయింది. ఇందులో పట్టుకోవాల్సిన ముఠా లేదు, తీసుకోవాల్సిన పగ లేదు. దేశంలో పులుల సంఖ్య పెరిగిందని మనం గర్వంగా చెప్పుకునే అంకె ఇలా నడిచినవారి కాళ్ల మీద నిలబడింది. అంతర్జాతీయ రేంజర్ల సమాఖ్య ఏటా జూలై 31న, ప్రపంచ రేంజర్ల దినం సందర్భంగా ప్రకటించే జాబితాలో తూటాకు బలైనవారితో పాటు ఏనుగు తొక్కినవారు, నీట మునిగినవారు, వాహన ప్రమాదాల్లో పోయినవారూ ఉంటారు. ఉద్యోగం అసలు స్వరూపం తెలియాలంటే అలాంటి జాబితాయే చదవాలి.

గౌరవం ఎన్ని రకాలుగా ఉంటుందో ఒకే మనిషి కథలో చూడాలంటే 1905 నాటి ఫ్లోరిడాకు వెళ్లాలి. ఆడవాళ్ల టోపీల కోసం తెల్లకొంగల ఈకలు బంగారాన్ని మించిన ధర పలికిన రోజులవి. చిన్నప్పుడు తానూ ఈకల కోసం పక్షుల్ని వేటాడిన గై బ్రాడ్లీ, పక్షి ప్రేమికుల ఆడుబాన్ సంఘాల తరఫున వార్డెన్‌గా చేరాడు. ఆ ఏడాది జూలై 8న ఫ్లెమింగో తీరంలో తుపాకీ చప్పుడు విని పడవ వేసుకుని వెళితే, ఇరుగుపొరుగువాడే అయిన వాల్టర్ స్మిత్ కాల్చి చంపాడు. ఆత్మరక్షణ కోసమే కాల్చానన్నాడు. కేసు విచారణకు పంపాలో లేదో తేల్చే పౌరుల బృందం, గ్రాండ్ జ్యూరీ, అతని మీద అభియోగమే మోపలేదు. చట్టం చేతులు దులుపుకున్నా, ఆడుబాన్ సభ్యులు చందాలు పోగుచేసి బ్రాడ్లీ భార్యాబిడ్డలకు కీ వెస్ట్‌లో ఇల్లు కొనిచ్చారు. స్థానిక పక్షుల ఈకల అమ్మకాన్ని నిషేధిస్తూ 1910లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. ఆ ఉద్యమానికి బ్రాడ్లీ హత్య ఊపునిచ్చింది. సముద్రపు ఒడ్డున అతని సమాధి 1960లో డోనా తుపానుకు కొట్టుకుపోయింది. ఇల్లు, చట్టం, సమాధి, ఈ మూడింటిలో సమాధి పోయినందుకు నాకు పెద్దగా బాధ లేదు.

రెండు వందల మందికి పైగా రేంజర్లను పోగొట్టుకున్న కాంగోలోని విరుంగా పార్కులో వితంతువులకు కుట్టుపని కేంద్రం నడుపుతున్నారు. మంచి పనే. కానీ భర్త ఉద్యోగంలో పోతే భార్య బతకడానికి కుట్టు మిషన్ దగ్గర కూర్చోవాల్సి రావడం గౌరవమా, గత్యంతరమా అన్న అనుమానం మాత్రం నన్ను వదలదు.

మన దగ్గర ఒక మంచి కొలమానం ఇప్పటికే ఉంది. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, పోడు వివాదం నడుమ రేంజ్ అధికారి శ్రీనివాసరావు దాడిలో చనిపోయారు. మరుసటి ఏడాది ఇద్దరికి జీవిత ఖైదు పడింది. భూమి హక్కుల చిక్కుముడి ప్రభుత్వాలు విప్పకుండా వదిలేస్తే, అడవిలో ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది ఒక ఉద్యోగి, కొందరు నిరుపేద గుత్తికోయ ఆదివాసీలు. నివాళి సభల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రూ.50 లక్షల పరిహారంతో పాటు, ఆయన పదవీ విరమణ వయసు దాకా పూర్తి జీతం కుటుంబానికి అందుతుందని ప్రకటించింది.

ఈ చివరి అంశమే అసలైనది. పోయిన మనిషి బతికుంటే ఇంటికి ఎంత తెచ్చేవాడన్న దానితో లెక్క మొదలవుతుంది. మంత్రి ఉదారత మీదా, ఆ వారం టీవీల్లో ఎంత హోరెత్తిందన్న దాని మీదా ఆధారపడదు. బిన్సర్‌లో ఇద్దరు సీనియర్ అధికారులను సస్పెండ్ చేశారు, కుటుంబాలకు తలా పది లక్షలు ప్రకటించారు. ఎవరి చావుకు ఎంత అన్నది ప్రతిసారీ ఇలా కొత్తగా తేల్చడం దేనికి? పదవీ విరమణ వయసే లేని దినసరి మనిషికి ఈ సూత్రం వర్తించదనే వాదన వస్తుంది. అతనికి రోజు వేతనం ఉంది, పుట్టిన సంవత్సరం ఉంది. అరవై ఏళ్ల దాకా లెక్క కట్టడం ఏ గుమాస్తాకైనా పది నిమిషాల పని. కట్టమని ఉత్తర్వు రావాలి, అంతే.