బడికి దూరం గాలిలో కొలవకండి

మా క్లస్టర్‌లో ఒక చిన్న ప్రాథమిక బడి ఉంది. పిల్లలు పదిహేను మంది. పక్క ఊరి హైస్కూల్లో కలపడానికి తయారైన లిస్టులో ఆ బడి పేరు వచ్చింది. దూరం కాలమ్‌లో 0.64 కిలోమీటర్లు అని ఉంది. ఆ రెండు బళ్ల మధ్య నేను నెలకు రెండుసార్లయినా తిరుగుతాను. స్కూటీ మీద వెళ్తే మీటరు రెండు కిలోమీటర్లు దాటుతుంది. మ్యాప్ తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. ఎవరో ఒక బడి మీద ఒక చుక్క, ఇంకో బడి మీద ఒక చుక్క పెట్టి, మధ్యలో సూటిగా గీత గీసి కొలిచారు. ఆ గీతకు అడ్డంగా పంట కాలువ ఉంది.

గోదావరి డెల్టాలో పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అవతలి గట్టు మీద మనిషి కనిపిస్తాడు, పిలిస్తే పలుకుతాడు. కానీ అతని దగ్గరికి వెళ్లాలంటే గట్టు వెంట వంతెన దాకా నడిచి, దాటి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. వేసవిలో కాలువ కట్టేశాక అడుగు ఎండితే అడ్డంగా దాటిపోవచ్చు. అప్పుడు బడికి సెలవులు. జూన్‌లో బడి తెరిచే సరికి కాలువలో నీళ్లుంటాయి. అంటే ఆ 0.64 కిలోమీటర్లన్నది బడి నడిచే రోజుల్లో ఒక్కనాడు కూడా నిజం కాదు.

నేను మ్యాపులకు వ్యతిరేకిని కాదు. ఎక్కడ బడి ఉండాలి, ఎక్కడ అంగన్‌వాడీ ఉండాలి, ఏ పుంతకు (పొలాల మధ్య మట్టి దారికి) ముందు మెటల్ వేయాలి అన్నవి మ్యాప్ ముందు పెట్టుకుని తేల్చాల్సిన విషయాలే అని గట్టిగా నమ్ముతాను. అందుకే రెండేళ్లుగా మ్యాపులు గీసే క్యూజీఐఎస్ నేర్చుకుంటున్నాను. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, ఇప్పుడు ఎన్నో దేశాల వాళ్లు కలిసి తయారు చేస్తున్నారు. పూర్తిగా ఉచితం. నా పాత ల్యాప్‌టాప్ మీదే నడుస్తోంది.

అందులో బఫర్ అని ఒక టూల్ ఉంది. బడి చుట్టూ కిలోమీటరు వ్యాసార్ధంతో వృత్తం గీస్తుంది. పది సెకన్ల పని. వృత్తంలో ఇంకో బడి పడితే చాలు, దగ్గరే ఉందని రాసేస్తారు. కానీ అదే సాఫ్ట్‌వేర్‌లో సర్వీస్ ఏరియా అని ఇంకో టూల్ ఉంది. దానికి దారుల లేయర్ ఇస్తే, బడి గేటు నుంచి ప్రతి దారి వెంటా కిలోమీటరు నడిస్తే ఎక్కడిదాకా వెళ్లగలమో చూపిస్తుంది. అప్పుడు వృత్తం రాదు. చెట్టు వేళ్లలా పాయలు పాయలుగా వస్తుంది. మా బడికి అలా చేస్తే, కాలువ గట్టు దగ్గర ఆ పాయలన్నీ ఆగిపోయాయి.

ఆ టూల్‌కి ముందు దారులు కావాలి. ఎవరైనా గీయగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా ఊరి తారు రోడ్డు ఉంది, పుంతలు లేవు, గట్టు దారులు లేవు. రెండు ఆదివారాలు ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసుకుని అవన్నీ నడిచాను. ఒకచోట కాలువ మీద రెండు తాటి దుంగలు వేసి ఉన్నాయి. పెద్దవాళ్లు వాటి మీద దాటుతారు. దాన్ని దారిగా గీయాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. గీస్తే దూరం తొమ్మిది వందల మీటర్లకు తగ్గిపోతుంది, బడి కిలోమీటరు లోపే ఉండాలన్న నిబంధనకు సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. కానీ మూడో తరగతి పిల్లను, సంచి భుజాన వేసుకుని, వానలో ఆ దుంగల మీద నడవమని నేను చెప్పగలనా? గీయలేదు. దూరం 2.3 కిలోమీటర్లు వచ్చింది.

ఇది నా సొంత పట్టుదల కాదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో 1 నుంచి 5 తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని రాశారు. ఆ దూరాన్ని నడక దూరం అని స్పష్టంగా రాశారు. వరదలు, దారి లేకపోవడం, పసిపిల్లలకు ప్రమాదం ఉన్న చోట ఆ హద్దును ఇంకా తగ్గించాలనీ ఉంది. బళ్ల మ్యాపింగ్ ఒక్కసారి చేసి వదిలేయకుండా ఏటా చేయాలని కూడా అక్కడే ఉంది. నిబంధనల్లోనే ఇంత ఉండగా మనం గాలిలో గీత ఎందుకు గీస్తున్నాం?

2022 జూన్‌లో జీవో 117 వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ అంతటా ఇదే గొడవ. కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు 3, 4, 5 తరగతులను పంపాలన్నారు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో ఆ విధానాన్ని పక్కన పెట్టి కొత్త వర్గీకరణ తెచ్చారు. ఏ విధానం మంచిదన్న చర్చ ఇక్కడ పెట్టను. ప్రభుత్వాలు మారినా, జీవోలు మారినా కిలోమీటరు అనే మాట అలాగే ఉంటుంది. దాన్ని ఎలా కొలుస్తారన్నదే నా ప్రశ్న.

డేటా సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర అక్షాంశం 16 పైన, రేఖాంశం 81 పైన ఉంటుంది. ఈ రెండూ తారుమారుగా ఎక్కిస్తే బడి వెళ్లి ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. అలాంటి తప్పు వెంటనే కళ్లకు కనబడుతుంది, దిద్దుకోవచ్చు. కనబడని తప్పుతోనే ప్రమాదం. బడి దగ్గర సిగ్నల్ లేదని ఊరి సెంటర్‌లో నిలబడి లొకేషన్ కొడితే బడి నాలుగు వందల మీటర్లు పక్కకు జరుగుతుంది, ఎవరికీ తెలియదు. ఇంకొకటి, మీటర్లలో కొలిచే పద్ధతి, అంటే మా ప్రాంతానికి యూటీఎం 44 ఉత్తర జోన్, పెట్టుకోకుండా డిగ్రీల్లోనే బఫర్ గీస్తే, 1 అని కొట్టినప్పుడు కిలోమీటరు రాదు, ఒక డిగ్రీ వస్తుంది. అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఇవన్నీ ఒక్క పూట ట్రైనింగ్‌లో నేర్పగలిగిన విషయాలు.

ఒక పూటలో తేలనిది, వేర్వేరు పట్టికలను కలపబోతే వచ్చే కోడ్‌ల గొడవ. బడికి పదకొండు అంకెల యూడైస్ కోడ్, పంచాయతీకి ఇంకో కోడ్, జనాభా లెక్కల్లో రెవెన్యూ గ్రామానికి మరో కోడ్. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు పంచాయతీలు ఉండొచ్చు, ఒక పంచాయతీలో ఐదు శివారు ఆవాసాలు ఉండొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, పాత పట్టికలు, కొత్త సరిహద్దులు కలవక మరింత చిక్కు పడింది. పిల్లలు ఉండేది ఆవాసంలో. అంగన్‌వాడీలో ఈ రోజు ఉన్న మూడేళ్ల పిల్లలే మరో రెండు మూడేళ్లలో ఒకటో తరగతికి వస్తారు. ఆవాసాల వారీగా ఆ లెక్క మ్యాప్ మీద పెడితే, ఈ ఏడాది పదిహేను మందే ఉన్న బడికి రేపు ఎంతమంది వస్తారో ముందే తెలుస్తుంది. (పిల్లల పేర్లు, ఇళ్లు మాత్రం మ్యాప్ మీద పెట్టకండి. ఆవాసానికి ఎంతమంది అన్న సంఖ్య చాలు.)

ఇదంతా ఎవరు చేస్తారు, మనుషులు ఎక్కడ అంటారు. కేరళలో 1990ల మొదట్లోనే పంచాయతీ వనరుల మ్యాపింగ్ చేశారు. కన్నూరు జిల్లా కల్యాశ్శేరిలో కేరళ జన విజ్ఞాన ఉద్యమ సంస్థ శాస్త్ర సాహిత్య పరిషత్ వాళ్లు ఊరివాళ్లను వాలంటీర్లుగా తయారు చేసి కాగితం మీద గీయించారు. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికకు ఆ అనుభవం పునాదుల్లో ఒకటి. వాళ్ల చేతిలో అప్పుడు స్మార్ట్‌ఫోన్ లేదు. మన గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లున్నారు, ఇంజినీరింగ్ అసిస్టెంట్లున్నారు. భూముల రీసర్వే కోసం డ్రోన్లు ఎగరేశాం, రోవర్లు (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరాలు) పట్టుకుని పొలాలు కొలిచాం. సెంటు భూమికి అంత జాగ్రత్త పడ్డవాళ్లం పిల్లల నడకకు పడలేమా?

ఫిబ్రవరిలో నేను గీసిన మ్యాప్‌ను ఏ3 సైజులో ప్రింట్ తీసి బడి అరుగు మీద పరిచాను. బడి కమిటీ సభ్యులు, తల్లులు, ఇద్దరు ముసలివాళ్లు చుట్టూ కూర్చున్నారు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె రామాలయం గుర్తుపట్టి, అక్కడి నుంచి వేలితో తన ఇంటిదాకా నడిచింది. ఇక ఆగలేదు. ‘మేడమ్‌గారండీ, ఈ మలుపు దగ్గర పొద్దున్నపూట రొయ్యల లారీలు తిరుగుతాయండి, మీ బొమ్మలో అది లేదండి’ అంది ఒక తల్లి. పెన్ను ఆమె చేతికే ఇచ్చాను. సున్నా చుట్టింది. ఇంకొకాయన వర్షాకాలంలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచే చోటు చూపించాడు. ఉపగ్రహం ఫొటోలో ఆ లారీలు లేవు, ఆ నీళ్లు లేవు.

ఆ షీటును ఫొటో తీసి, దూరం మళ్లీ కొలవమని రాసిన అర్జీకి జత చేసి పంపాం. తాటి దుంగలున్న చోట కాలిబాట వంతెన కావాలని పంచాయతీకి విడిగా ఇంకో కాగితం ఇచ్చాం. రెండింటికీ ఇంతవరకు జవాబు లేదు. ఇప్పుడు కాలువ ఎండి ఉంది, పిల్లలు అందులోనే క్రికెట్ ఆడుకుంటున్నారు. జూన్‌లో నీళ్లు వదులుతారు.