సాక్షి తినేసిన సాక్ష్యం

హుస్సేన్‌సాగర్‌లో పిల్లల సెయిలింగ్ పోటీలకు మార్క్ బోటులో ఒక మనిషి తక్కువయ్యాడని మా తోడల్లుడు నన్ను లాక్కెళ్లాడు. "ఊరికే కూర్చుని చూడటమే తమ్ముడూ, చల్లగాలి కూడా" అన్నాడు. సాగర్ గాలి ఎలాంటిదో ఊరందరికీ తెలుసు కాబట్టి దాని సంగతి వదిలేద్దాం.

లంచ్ ప్యాకెట్లు స్టార్ట్ లైన్ దగ్గరున్న కమిటీ బోటుకి వెళ్లాయి. జ్యూరీ బోట్లకీ వెళ్లాయి. గాలి వచ్చే వైపు చిట్టచివర, పడవలు చుట్టి తిరగాల్సిన నారింజ రంగు బుడగ (దాన్నే మార్క్ అంటారు) పక్కన తేలుతున్న మా రబ్బరు బోటు మాత్రం ఎవరి లిస్టులోనూ లేదు. దయచేసి ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం ఆ బుడగ దగ్గరే తగువు మొదలైంది. పిల్లలు నడిపేది ఆప్టిమిస్ట్, అంటే 2.3 మీటర్ల బుల్లి పడవ, ఒక్క తెరచాప, లోపల ఒక్క పిల్లో పిల్లాడో. ఒక అమ్మాయి స్టార్‌బోర్డ్‌లో, అంటే గాలి కుడి పక్క నుంచి తగులుతుండగా, తిన్నగా బుడగ మీదకి వస్తోంది. ఎడమ నుంచి ఒక అబ్బాయి పోర్ట్‌లో, అంటే గాలి ఎడమ పక్క నుంచి తగులుతుండగా, వచ్చి, సరిగ్గా ఆ పిల్ల ముందు పడవ తిప్పేశాడు. గుద్దుకోకుండా ఉండాలని ఆ అమ్మాయి పడవని గాలికి ఎదురు తిప్పుకుని, "ప్రొటెస్ట్!" అని అరిచింది. పెద్ద పడవలైతే ఎర్రజెండా కూడా చూపించాలి. ఆరు మీటర్ల లోపు వాటికి నోరుంటే చాలు. ఈ పిల్లకి ఉంది.

సాయంత్రం విచారణ. సాక్షిని నేనే. సాక్షి అన్నవాడు తన వంతు వచ్చేదాకా గది బయటే ఉండాలని రూలు. బయట అంటే ఎక్కడో కాదు, జ్యూరీ వారికి ఉల్లిపాయ సమోసాలు వేయిస్తున్న చోటు.

లోపలికి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు జడ్జీలు, ఇటు అమ్మాయి, అటు అబ్బాయి. జరిగింది చూపించడానికి అయస్కాంతం అంటించిన బొమ్మ పడవలు ఉండాలట. ఉన్నాయి, బీరువాలో. బీరువా తాళం ఎవరి దగ్గరుందో వాళ్ల ఫోన్ స్విచ్చాఫ్. టీషర్టులకీ, ఫ్లెక్సీలకీ, శాలువాలకీ లోటు చేయని కమిటీకి రెండో తాళం చేయించాలని తోచలేదు. పెద్ద జడ్జిగారు బల్ల మీదున్న ప్లేటు ముందుకు జరిపారు. టీ కప్పు బుడగ. చెంచా గాలి. మిగిలిన రెండు సమోసాలు రెండు పడవలు. సమోసాకి ముక్కు ఉంటుంది కాబట్టి పడవ ఎటు పోతోందో తెలుస్తుందని ఆయన సంబరపడ్డారు కూడా.

కేసంతా ఒక్క పాయింటు మీదే ఉంది. బుడగ చుట్టూ మూడు పడవల పొడవు దూరాన్ని జోన్ అంటారు. అబ్బాయి జోన్‌లోకి వచ్చాక తిప్పి ఆ పిల్లని అలా పక్కకి నెడితే తప్పు. బయటే తిప్పుంటే ఆ రూలు వర్తించదు. కాబట్టి కప్పు నుంచి మూడు సమోసాల దూరం కొలిచి చూపించాలి, నేను.

"అంకుల్, అప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?" అంది అమ్మాయి. ఎదుటి సాక్షిని ప్రశ్నించే హక్కు పిల్లలకీ ఉందని నాకెవరూ చెప్పలేదు.

"బుడగ వైపే అమ్మా."

"బుడగ వైపా, ఫోన్ వైపా?"

నేను సమాధానం వెతుక్కుంటున్నాను. మనిషి ఆలోచనలో పడితే చేయి ఊరుకోదు. పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న కడుపు ఆ చేతికి ఏం చెప్పిందో, అది నన్ను అడగకుండానే చేసేసింది. కరకరమని చప్పుడు వచ్చాకే నాకూ తెలిసింది. లోపల ఉల్లిపాయ ఇంకా వేడిగా ఉంది. పెద్దాయన పెన్ను కాగితం మీద ఆగిపోయింది. 1990లో ఇదే సాగర్‌లో మునిగిన బుద్ధ విగ్రహాన్ని 1992లో పైకి తీశారు. సమోసాకి ఆ అవకాశం లేదు.

"సర్, సాక్షి నా పడవ తినేశారు" అంది అమ్మాయి.

"కాదు సర్, అది నాది. తనది కప్పు దగ్గరుంది" అన్నాడు అబ్బాయి.

"నాదే! నేను స్టార్‌బోర్డ్!"

రెండో జడ్జి గొంతు సవరించుకుని నన్ను అడిగాడు: "మీరు తిన్నది పోర్ట్ పడవా, స్టార్‌బోర్డ్ పడవా?"

"ఉల్లిపాయది సార్" అన్నాను. ఇంకేం చెప్పను?

"తినే సమయానికి అది జోన్‌లో ఉందా?" ఇది మూడో ఆయన. నవ్వకుండా అడిగాడు, అదే బాధ. ప్లేటులో ఉండాల్సిన మిగతా సమోసాలు ఎవరి జోన్‌లోకి వెళ్లాయని ఆయన్ని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది.

నన్ను బయటికి పంపేశారు. అబ్బాయిని డిస్‌క్వాలిఫై చేశారట. రాత్రి తోడల్లుడు ఫోన్ చేశాడు. అబ్బాయి కోచ్ విచారణ మళ్లీ జరపాలని అర్జీ పెట్టాడట, పొద్దున్నే నేను మళ్లీ రావాలట. బీరువా తాళం దొరికిందా అని అడిగాను. ఇంకా లేదట.