పొగ తగ్గింది, జీతాల తేడా కూడా తగ్గింది!

మన పెద్ద కంపెనీలు పర్యావరణాన్నీ సమానత్వాన్నీ ఒకే దెబ్బతో సాధించే ఉపాయం కనిపెట్టాయి. ఎవరూ సన్మానం చేయకపోవడమే అన్యాయం.

2013 నాటి కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం, ప్రతి డైరెక్టర్ జీతం ఉద్యోగుల మధ్యస్థ జీతానికి ఎన్ని రెట్లో స్టాక్ మార్కెట్లో షేర్లున్న (లిస్టెడ్) కంపెనీ ఏటా చెప్పాలి. మధ్యస్థ జీతమంటే, అందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్నవాడికి వచ్చేది. ఇది చాలదన్నట్టు 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా ఇచ్చే బాధ్యతల నివేదికలో పొగ లెక్క కూడా రాయాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఆ నివేదికలో మధ్యస్థ జీతాలది 5వ సూత్రం, పర్యావరణానిది 6వది. ఇరుగుపొరుగు అన్నాక ఒకరికొకరు సాయపడరా?

కంపెనీకి సొంత లారీలున్నాయనుకుందాం. వాటి డీజిల్ పొగ స్కోప్ 1 కింద, అంటే సొంత పొగ కింద, కంపెనీ నెత్తిన పడుతుంది. డ్రైవర్ల చిన్న జీతాలు మధ్యస్థాన్ని కిందికి లాగుతాయి. లారీలను ట్రాన్స్‌పోర్టు కాంట్రాక్టర్‌కి అమ్మేస్తే సరి! పొగ స్కోప్ 3కి, అంటే కంపెనీ పని చేసిపెట్టే బయటివాళ్ల పొగ ఖాతాకి, పోతుంది. అది రాయడం, రాయకపోవడం మన ఇష్టం. డ్రైవర్లు కంపెనీ రోల్స్‌లోంచి, అంటే ఉద్యోగుల జాబితాలోంచి, పోతారు, మధ్యస్థం పైకి లేస్తుంది. అదే లారీ, అదే డ్రైవరు, అదే పటాన్‌చెరు రోడ్డు. మారిందల్లా జీతం చీటీ మీద పేరు. (చీటీ ఇస్తే.)

గిట్టనివాళ్లు దీన్ని మోసం అంటారు. మురికినీటి శుద్ధి ప్లాంటులో ముక్కుకి తువ్వాలు కట్టుకుని బురద ఎత్తే కుర్రాణ్ని అడగండి. కంపెనీని శుభ్రంగా ఉంచేది అతనే, కంపెనీ మనిషి కానిదీ అతనే. ఇంత నిష్కామ కర్మ ఆశ్రమాల్లోనూ కనబడదు.

ఫలితం అనుభవించడానికి పైన ఎండీ గారున్నారు లెండి. పర్యావరణ లక్ష్యాలకు బోనస్ ముడిపెట్టిన కంపెనీలున్నాయి. పొగ తగ్గింది కనుక బోనస్ పెరుగుతుంది. మధ్యస్థమూ పెరిగింది కనుక నిష్పత్తి మాత్రం కదలదు. ఆయన ఎంత తీసుకున్నా సమానత్వానికి భంగం లేదు.

ఈ సంస్కరణను సగంలో ఆపడం పిరికితనం. గుమాస్తాలనూ ఇంజనీర్లనూ మేనేజర్లనూ కూడా కాంట్రాక్టర్‌కి అప్పగించాలి. రోల్స్‌లో ఎండీ ఒక్కరే మిగిలితే మధ్యస్థ జీతం ఆయనదే, నిష్పత్తి 1:1. యంత్రాలు కూడా పక్క షెడ్డువాడికి ఇచ్చేస్తే స్కోప్ 1 సున్నా.

వచ్చే బోర్డు మీటింగులోనే తీర్మానం పెట్టండి. అది టైపు అయ్యేదాకా మాత్రం స్టెనోని రోల్స్‌లోనే ఉంచండి.